'నీ ఇష్టం' అంటున్నాడు మా ఆయన

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. లెక్కల టీచర్ కావడం వల్లేమో, రెండో పేజీ అంతా అంకెలే. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో పనిచేస్తారు, జీతం 19 వేలు. భర్తది హాలియా వైపు ఎరువులు, పురుగుమందుల దుకాణం. పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. ఆ కాన్పు జులైలో జరిగింది. ఎనిమిదో నెలలో బీపీ పెరిగి ముఖం, కాళ్లు ఉబ్బడంతో 34 వారాలకే పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాపను 11 రోజులు బాక్సులో పెట్టారు. అవి యూరియా లారీలు దిగే రోజులు, భర్త మూడో రోజుకు గానీ రాలేకపోయాడు. తరువాత తల్లిగారింట్లో ఉన్న ఐదు నెలలూ ఆమె ఏడుస్తూనే గడిపారు. "ఒకరోజు పాపను ఎత్తుకుని బట్టలు తీద్దామని డాబా మీదికి పోయాను. పిట్టగోడ దగ్గర నిలబడితే నా మీద నాకే భయమేసింది. వెంటనే కిందికి దిగొచ్చేశాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు" అని రాశారు. బాలింతకు దిష్టి తగిలిందని ఇంట్లో తాయెత్తు కట్టించారు. అప్పటి స్కూలు 'రెస్ట్ తీసుకోండి, తరువాత చూద్దాం' అని ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంది. రెండేళ్లు ఇంట్లోనే ఉన్నారు.

ఇప్పుడు అత్తమ్మ 'ఒక కన్ను కన్నా, ఒక బిడ్డ బిడ్డా? ఇంకోసారి చూడండి' అంటున్నారు. మనవడు పుడితే చెర్వుగట్టు గుడికి ఎత్తుకొస్తానని మొక్కుకున్నారు కూడా. మొన్న దసరాకు ఇల్లు దులుపుతూ సజ్జ మీది తొట్టెలను దింపించి, సర్ఫుతో కడిగి ముందు గదిలో పెట్టారు. అప్పటి నుంచి అది అక్కడే ఉంది. ఆడబిడ్డ 'తెలిసినచోట స్కానింగ్ చూపిస్తే ముందే తెలిసిపోతుంది కదా' అంది. రాఖీ పండుగకు మేనమామ ఇంటికి పోయొచ్చిన పాప 'నాకూ తమ్ముడు కావాలి' అని వారం రోజులు సతాయించింది. భర్తను అడిగితే 'నీ ఇష్టం. కనేది నువ్వు. నాకు ఎట్లయినా ఓకే' అన్నాడు.

"ఒక్కతితో ఆపితే పాపకు అన్యాయం చేసినట్టా? ఇంకొకరిని కంటే నాకు నేనే అన్యాయం చేసుకున్నట్టా? రాత్రిళ్లు లెక్కలు వేస్తూ కూర్చుంటున్నాను, ఏదీ తేలడం లేదు" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఫీజు 38 వేలు, వ్యాను 10 వేలు, ఇంటి లోను నెలకు 14,500, రైతుల దగ్గర ఆగిపోయిన ఉద్దెర ఆరు లక్షలు. రెండో బిడ్డ పదో తరగతి దాటేసరికి 9 లక్షల 40 వేలు అని కింద రెండు గీతలు కొట్టి మరీ తేల్చారు. డాబా సంగతి మాత్రం నాలుగు చిన్న వాక్యాల్లో ముగించారు. మీ ఆయన గురించి మొత్తం ఉత్తరంలో ఏడే వాక్యాలు. లెక్క కుదరనిది ఈ రెండు చోట్లే అని నాకనిపిస్తోంది, అందుకే వాటితో మొదలుపెడతాను.

డాబా మీద మీకు కలిగింది జబ్బు. బాలింతల్లో వచ్చే డిప్రెషన్‌కు మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, పాలిస్తూ వాడగల మందులు కూడా ఉన్నాయి. మీరు చెడ్డ తల్లి కావడం వల్ల అలా అనిపించలేదు. నెలలు నిండని బిడ్డ, పొట్ట మీద కోత, నిద్రలేని రాత్రులు, పోయిన ఉద్యోగం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. భయమేసి కిందికి దిగొచ్చారు చూడండి, ఆ క్షణంలో బిడ్డను కాపాడింది మీరే. కానీ ఒక నిజం చెప్పాలి. ఒకసారి ఈ డిప్రెషన్ వచ్చినవాళ్లకు మళ్లీ కాన్పు తరువాత వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. కాబట్టి రెండో బిడ్డ కావాలన్నా వద్దన్నా, ఈ సంగతి ముందు ఒక డాక్టరుకు చెప్పండి. ఎదురుగా కూర్చుని చెప్పడం కష్టమనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆరేళ్లుగా మోస్తున్న మాట ఒకసారి గొంతు దాటితే మీ లెక్క సగం వేరుగా కనబడొచ్చు.

ఇక మీ ఆయన. 'నీ ఇష్టం' అన్నది వినడానికి మర్యాదగానే ఉంటుంది. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ మాట కూడా దొరకదు, నిజమే. కానీ రేపు మీరు కంటాను అంటే కష్టమంతా 'నువ్వే కావాలన్నావు కదా' అవుతుంది. వద్దు అంటే అత్తమ్మ ముందు, ఆడబిడ్డ ముందు 'కోడలే వద్దంది' అవుతుంది. ఎటు తిరిగినా భారం మీ మీదే, ఆయన దుకాణం కౌంటర్ వెనకాల క్షేమంగా ఉంటారు. ఆయన కావాలని ఇలా చేస్తున్నారని నేననను. భార్యను బలవంతపెట్టని మంచి మొగుడిననే అనుకుంటూ ఉండొచ్చు. కానీ మీ ఇద్దరి బిడ్డ సంగతి మీ ఒక్కరి ఇష్టంగా మిగిలిపోతే, రాత్రిళ్లు లెక్కలు వేసేది కూడా మీరొక్కరే.

అందుకే 'మీకు కావాలా, వద్దా' అని ఆయన్ను మళ్లీ అడగకండి. మళ్లీ అదే జవాబొస్తుంది. పనుల గురించి అడగండి. ఎనిమిదో నెలలో బీపీ పెరిగి నల్గొండకో హైదరాబాద్‌కో పొమ్మంటే ఆ రాత్రి వెంట వచ్చేది ఎవరు? దుకాణంలో ఎవరిని కూర్చోబెడతారు? కాన్పయ్యాక మొదటి మూడు నెలలు రాత్రి రెండు గంటలకు ఒక్కసారైనా ఆయన లేస్తారా? పాపను స్కూలుకు తయారుచేసేది ఎవరు? నేను మళ్లీ ఏడుస్తూ కూర్చుంటే తాయెత్తు కట్టిస్తారా, డాక్టర్ దగ్గరికి తీసుకుపోతారా? పాప నిద్రపోయాక, ఫోన్లు పక్కన పడేసి అడగండి. పేరుతో సహా జవాబు రావాలి. 'చూద్దాంలే', 'మీ అమ్మ ఉంది కదా' అన్నవి జవాబులు కావు. నెల రోజులు అడిగినా ఇవే వస్తే, ప్రస్తుతానికి మీ ఇంట్లో రెండో బిడ్డకు మనిషి లేరని అర్థం. అప్పుడు మీ నిర్ణయానికి అదొక గట్టి కారణమవుతుంది, అత్తమ్మకైనా అదే చెప్పొచ్చు.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట. ఎరువుల దుకాణం నడిపే మనిషికి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఊపిరాడదు. మళ్లీ యాసంగికి డిసెంబర్, జనవరి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన ఏడాది ఒక తీరు, వదలని ఏడాది ఇంకో తీరు. ఉద్దెర ఆగిపోయినప్పుడు మనిషి నోరు కూడా ఆగిపోతుంది. ఆయనకూ భయం ఉండి ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ బయట సంతకం పెట్టమని కాగితం ఇచ్చినప్పుడు అక్కడ లేనందుకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉండొచ్చు. అడిగి చూడండి. చాలామంది మగవాళ్లను ఆ సంగతి ఎవరూ అడగరు.

అత్తమ్మ మాటకొస్తే, ఆమె 'ఇంకో బిడ్డను కనండి' అనడం లేదు, 'ఇంకోసారి చూడండి' అంటున్నారు. లాటరీ టికెట్ కొనమన్నట్టు ఉంది. ఇంకో బిడ్డ కావాలనుకోవడం వేరు, కొడుకు కావాలనుకోవడం వేరు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి. విడదీయడానికి ఇంట్లో ప్రతి ఒక్కరినీ, మిమ్మల్ని మీరు కూడా, ఒక ప్రశ్న వేసుకోండి: 'రెండోది కూడా ఆడపిల్లే అయితే?' దానికి 'అయితే ఏంది, ఇద్దరు బిడ్డలు' అని తడుముకోకుండా చెప్పేవాళ్లకు బిడ్డ కావాలి. నిశ్శబ్దమైపోయేవాళ్లకు, 'అట్ల అనొద్దు, మంచి మాట అను' అనేవాళ్లకు కావలసింది వేరు. ఆ రెండో రకం కోరిక కోసం బీపీ వచ్చిన ఒంటిని మళ్లీ పందెం పెట్టమని నేను చెప్పలేను. ఆడో మగో తేలేది తండ్రి వైపు నుంచి వచ్చే క్రోమోజోముతో, అది ప్రతిసారీ దాదాపు సగానికి సగం. మొదటిసారి ఆడపిల్ల పుట్టింది కాబట్టి ఈసారి మగపిల్లవాడికి ఎక్కువ ఛాన్స్ అనుకుంటే లెక్కల టీచరుగా మీరే ఒప్పుకోరు.

ఆడబిడ్డ చెప్పిన స్కానింగ్ సంగతి ఇక్కడే కొట్టేయండి. కడుపులో ఉన్నది ఆడో మగో స్కానింగ్‌లో చూడటం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. చేసే డాక్టరుకే కాదు, చేయించమని అడిగినవాళ్లకు కూడా మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉన్నాయి. భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం ముందుగా భావిస్తుంది, గర్భిణి తానే కోరుకుందని కాదు. ఈ మాట ఆడబిడ్డకు మీరు చెప్పనవసరం లేదు. ఆమె తమ్ముడు చెప్పాలి.

కొడుకు ఉంటే ముసలితనంలో చూస్తాడు అన్నదానికి ఎక్కువ సమయం పెట్టను. తల్లిదండ్రుల పోషణ కొడుకులతో పాటు కూతుళ్ల బాధ్యత కూడా అని 2007 చట్టం చెప్తోంది. ఎవరి కొడుకులు ఎవరిని ఎలా చూస్తున్నారో మీ వీధిలో మీకూ కనిపిస్తూనే ఉంటుంది.

పాప ఒంటరిదైపోతుందన్న దిగులు మాత్రం అంత తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పిల్లలు ఒక్కరే అయితే మొండిగా, ఎవరితో కలవకుండా తయారవుతారని మనం తేలిగ్గా అనేస్తాం. అమెరికాలో టోని ఫాల్బో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒంటరి పిల్లల మీద జరిగిన చాలా అధ్యయనాలను 1980లలో ఒకచోట చేర్చి చూశారు. నలుగురితో కలవడంలో, స్వభావంలో వాళ్లకూ మిగతా పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన రాష్ట్రంలో కూడా మీ ఇల్లు వింతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.8. అంటే రెండుకు లోపలే.

అయితే మీరు అడుగుతున్నది 'మేము పోయాక దానికి ఎవరున్నారు' అని. దీనికి సర్వేలో జవాబు దొరకదు. నా సంగతి చెప్తాను. మేము నలుగురం. అమ్మ రెండేళ్లు మంచాన పడితే చూసుకున్నది చిన్నక్క ఒక్కతే. మిగిలిన ముగ్గురం ఫోన్లు చేశాం, డబ్బు పంపాం, సలహాలు ఇచ్చాం. నలుగురు ఉన్నా పని ఒక్కరి మీదే పడింది, ఆ ఒక్కరిని నేను కాదు, దానికి ఇప్పటికీ చిన్నక్క కళ్లలోకి సూటిగా చూడలేను. మరోవైపు, సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు అమ్మ చుట్టు చివర్న ఎందుకో వేలితో ఒకసారి తట్టేది. ఆ తట్టడం గుర్తున్నవాళ్లు ఈ భూమ్మీద నాతో కలిపి నలుగురమే. ఆ మాట మా ఆయనకు చెప్తే 'ఓహో' అంటారు, అంతే. తోబుట్టువుల వల్ల దక్కేది ఇదీ అని ఒక్క మాటలో చెప్పలేను. ఆసరా అవుతారని మాత్రం హామీ లేదు. పొలం గట్టు దగ్గర పగబట్టుకున్న అన్నదమ్ములను కూడా మీరు చూసే ఉంటారు. ఇంకో సంగతి, ఇప్పుడు కన్నా ఇద్దరి మధ్య ఏడేళ్లు దాటుతాయి. పాప అడిగిన ఆటతోడు ఆ బిడ్డ కాలేదు. తాను పదో తరగతి పరీక్షలకు కూర్చునేటప్పుడు తమ్ముడో చెల్లెలో రెండో తరగతిలో ఉంటారు. ఆరేళ్ల పిల్ల తమ్ముణ్ని అడిగినంత గట్టిగా వచ్చే వారం కుక్కపిల్లను కూడా అడుగుతుంది. దాని కోరిక వినండి, ఓటు మాత్రం వేయించకండి. మేనమామ పిల్లలకు రాఖీ కడుతోంది కదా, ఆ రాకపోకలు తగ్గకుండా చూడండి.

మీ 9 లక్షల 40 వేల లెక్క తప్పని అనను. కానీ అందులో ఒక వరుస లేదు. పోయినసారి రెండేళ్లు ఇంట్లో ఉన్నారు. ఇప్పటి జీతంతో వేస్తే 24 నెలలకు 4 లక్షల 56 వేలు. మీ జీతాన్ని మీరే లెక్కలో రాయలేదు! పదిమంది, అంతకు పైన పనిచేసే చోట, కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి 26 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. మొదటి ఇద్దరు పిల్లల దాకా ఇది హక్కు. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం. చిన్న ప్రైవేటు స్కూళ్లలో ఇది అడిగితే యాజమాన్యం మొహం ఎలా పెడుతుందో నాకు తెలుసు. అయినా నియామక పత్రం, జీతం బ్యాంకులో పడుతున్న రుజువు ఇప్పటి నుంచే దగ్గర పెట్టుకోండి. చేతికి నగదు ఇస్తుంటే బ్యాంకులో వేయమని అడగండి.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు.

కందాం అనుకుంటే, గర్భం రాకుండా తీసుకునే జాగ్రత్తలు ఆపేముందే గైనకాలజిస్టును కలవాలి, నెల తప్పాక కాదు. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితాలు వెంట పట్టుకుపోండి. లేకపోతే ఆ ఆస్పత్రి నుంచి తెప్పించుకోండి. 34 వారాలకే బిడ్డను తీయాల్సి వచ్చింది కాబట్టి బీపీ మళ్లీ వచ్చే అవకాశం మామూలు వాళ్ల కంటే ఎక్కువ. అలాగని తప్పకుండా వస్తుందనీ కాదు. ఇలాంటి వాళ్లకు మూడో నెల దాటగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు, డాక్టర్ చెప్తేనే సుమా. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. థైరాయిడ్, షుగర్, రక్తం శాతం చూపించుకోండి. కాన్పు కూడా నెలలు నిండని పిల్లలకు ప్రత్యేక యూనిట్ ఉన్న ఆస్పత్రిలోనే పెట్టుకోవాలి, ఇంటికి దగ్గరని వేరే చోట కాదు. మొదటిది ఆపరేషన్ అయినంత మాత్రాన రెండోదీ అదే కావాలని లేదు. కానీ మీ విషయంలో డాక్టర్ ఏమంటారో ముందే అడగండి. మన రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే అని పైన చెప్పిన 2019-21 సర్వేలో తేలింది, అప్పటికి దేశంలో మనమే ముందు. అది ఎంత మామూలైపోయిందంటే, కోత మానడానికి టైం పడుతుందన్న సంగతే ఇళ్లలో మర్చిపోయారు. ఇంకొకటి, నవ్వకండి. కాన్పు మార్చి, ఏప్రిల్‌లో పడితే మీ ఆయన దుకాణం కాస్త ఖాళీగా ఉంటుంది. పిల్లలు టైంటేబుల్ చూసుకుని రారనుకోండి, అయినా జులైలో రాకుండా ప్రయత్నించడంలో తప్పులేదు.

ఇప్పుడే కాదు, కొంచెం ఆగుదాం అనుకుంటే అదీ మంచి దారే. 35 దాటగానే తలుపు మూసుకుపోదు. ఆ తరువాత అవకాశం ఏడాదికేడాది తగ్గుతుంది, ఇబ్బందులు కాస్త పెరుగుతాయి, అంతే. కానీ ఆగడానికి ఒక తేదీ పెట్టుకోండి, వచ్చే ఉగాది అనో, పాప పుట్టినరోజు అనో. తేదీ లేకపోతే ఇది ఆగడం అవదు, నానడం అవుతుంది. ఉత్తరంలో 'జాగ్రత్తగానే ఉంటున్నాం' అని రాశారు. ఆ జాగ్రత్త మీద ఆధారపడితే మీరు తేల్చేలోపే గర్భమే తేల్చేస్తుంది. కాపర్-టీ వేయించుకుంటే కావాలనుకున్న రోజు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, ఏడాదిలో కనాలనే ఆలోచన ఉంటే అది మీకు అంత అనువు కాదు. బీపీ వచ్చిన మనిషి కాబట్టి గర్భనిరోధక మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవద్దు. అన్నట్టు, ఇప్పుడు మీ బీపీ ఎంత? ఉత్తరంలో లేదు. గర్భంలో అలా బీపీ వచ్చినవాళ్లకు తరువాతి జీవితంలో కూడా వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకో బిడ్డ ఉన్నా లేకున్నా ఏడాదికోసారి చూపించుకోండి.

ఇక చాలు అనుకుంటే, ఆ మాట అత్తమ్మకు చెప్పాల్సింది మీ ఆయన. 'మేమిద్దరం అనుకున్నాం' అని ఆయన నోటితో రావాలి. ఆమె బాధపడతారు, కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, మొక్కు ఏమవుతుందని అంటారు. పాపనే చెర్వుగట్టుకు తీసుకుపోయి మొక్కు చెల్లించమనండి, జడల రామలింగేశ్వరుడు ఆడపిల్లను వెనక్కి పంపడు. అప్పుడు కూడా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మీరే పోవాలని లేదు. ఒకసారి కడుపు కోసిన మనిషి మీరు. మగవాళ్లకు చేసే వేసెక్టమీ కత్తిగాటు పెద్దగా లేకుండా నిమిషాల్లో అయిపోతుంది, మూడు నెలల తరువాత వీర్య పరీక్ష చేయించుకుని నిర్ధారించుకుంటే చాలు. అయితే ఏ మాత్రం ఊగిసలాట ఉన్నా ఇద్దరిలో ఎవరూ ఆపరేషన్ చేయించుకోవద్దు.

ఈ మూడింటిలో ఏది పట్టుకున్నా ఎప్పుడో ఒకరోజు వదిలేసిన దారి గుర్తొస్తుంది. ఒక్కతి ఉన్న తల్లి ఎవరి ఇంట్లోనో ఇద్దరు కొట్టుకుంటుంటే చూసి నిలబడిపోతుంది. ఇద్దరున్న తల్లి బాత్రూంలో తలుపేసుకుని రెండు నిమిషాలు ఊరికే కూర్చుంటుంది. ఇవి రెండూ నేను చూశాను.

నా మనసులో మాట అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇది తీర్పు కాదు. మీ నాలుగు పేజీల్లో 'నాకు బిడ్డ వద్దు' అన్న వాక్యం నాకు కనబడలేదు. వద్దనిపిస్తున్నది ఆ ఐదు నెలలు మళ్లీ రావడం. ఈసారి ఆ నెలలు అలా ఉండకుండా చేసే మనుషులు, డాక్టర్లు మీ చుట్టూ ఉన్నారని నమ్మకం కుదిరితే మీ జవాబు మారొచ్చు. నమ్మకం కుదిరినా 'చాలు' అనే అనిపించొచ్చు కూడా. అందుకే ముందు 14416, తరువాత మీ ఆయనతో ఆ రాత్రి మాటలు, ఆ తరువాతే గైనకాలజిస్టు. పేపర్ మీద లెక్కలు కొన్నాళ్లు మూసిపెట్టండి.

ఈలోగా ఒక చిన్న పని. ముందు గదిలో ఆ తొట్టెల రోజూ కళ్లెదుట ఉంటే మీకు ఏ ఆలోచనా సాగదు. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి మీ పొట్ట వంక చూస్తారు. మళ్లీ సజ్జ ఎక్కించేయాలి. మీరు స్టూలు వేసుకుని ఎక్కకండి. ఆదివారం దుకాణం మూసొచ్చాక మీ ఆయన్నే ఎక్కించమనండి, అత్తమ్మ అక్కడ కూర్చుని ఉండగా.